అయిదు శ్రుతికి కాస్త పైన

నేను 12 ఏళ్లుగా పెళ్లిళ్లలో కీబోర్డు వాయిస్తున్నాను. నెల్లూరు, కావలి, ఆత్మకూరు, సీజన్ బాగుంటే ఒంగోలు దాకా. ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాడు మొదట నేర్చుకునేది ఒకటే, ఖాళీ వదలకూడదని. సింగర్ చరణం మర్చిపోతే వాయించాలి. మైకు కూత పెడితే వాయించాలి. మగపెళ్లివారు మర్యాదల దగ్గర అలిగితే ఇంకాస్త గట్టిగా వాయించాలి. ఎక్కడైనా నాలుగు సెకన్లు చప్పుడు ఆగిందంటే మా ఓనరు స్టేజి పక్కనుంచి గుడ్లురుముతాడు. ఈ అలవాటుతోనే ఒక షార్ట్ ఫిల్మ్‌కి బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ చెయ్యడానికి కూర్చున్నాను. నాలుగు వారాలు పట్టింది. అందులో రెండు వారాలు వాయించింది చెరపడానికే సరిపోయాయి.

మూఢం రోజులు. పెళ్లిళ్లు లేవు, చేతిలో పని లేదు. డిగ్రీలో నాతో చదివినవాడు ఫోన్ చేశాడు.

"మామా, షార్ట్ ఫిల్మ్ తీసుండా. బీజీఎం నువ్వే కొట్టాల."

"ఎంతిస్తావు?"

"ఆరు వేలు. మీ బాబాయి గుంట మీదే తీశా, నువ్వు కాదనేదానికి లేదు."

బాబాయి విడవలూరు అవతల, సముద్రానికి దగ్గరగా, రొయ్యల గుంటలు లీజుకి చేస్తున్నాడు. వెనామీ రకం రొయ్యలు. సినిమా 14 నిమిషాల 20 సెకన్లు. గుంట దగ్గర కాపలా ఉండే ఒక పెద్దాయన, ఒక రాత్రి. రెండు గంటలకి కరెంటు పోతుంది, జనరేటర్ అందుకోదు. అంతే కథ. రొయ్యల మీద బతికేవాళ్లకి ఇంతకంటే హారర్ సినిమా అక్కర్లేదు. రాత్రిపూట నీళ్లలో పాచి కూడా ఆక్సిజన్ పీల్చుకుంటుందే కానీ ఇవ్వదు. తెల్లవారుజాముకి ఆక్సిజన్ బాగా తగ్గిపోతుంది. ఆ టైములో నీళ్లని చిలికి గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే పంట మొత్తం నీళ్ల మీద తేలుతుంది. పెద్దాయన వేషం కోవూరులో నాటకాలు వేసే ఒకాయన వేశాడు. బాగా చేశాడు. నా మ్యూజిక్ లేకుండా చూసినప్పుడు ఇంకా బాగా చేశాడనిపించింది కానీ, ఆ మాట అప్పుడు డైరెక్టర్‌కి చెప్పలేదు.

నా దగ్గరున్నది 8 జీబీ ర్యామ్ లాప్‌టాప్, ఒక చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్, పెళ్లిళ్లకి మోసే కీబోర్డే. సాఫ్ట్‌వేర్ రీపర్. మద్రాసు స్టూడియోల్లో ప్రో టూల్స్, క్యూబేస్, లాజిక్ అంటారు. నాకు అవి చూసిన పరిచయమే తప్ప వాడిన పరిచయం లేదు. రీపర్‌ని 60 రోజులు ఏ కత్తిరింపూ లేకుండా వాడుకోవచ్చు, తర్వాత నాలాంటివాళ్లకి లైసెన్సు 60 డాలర్లు. పాత లాప్‌టాప్ మీద కూడా మూలగకుండా నడుస్తుంది. వాద్యాలకి బీబీసీ సింఫనీ ఆర్కెస్ట్రా డిస్కవర్ అని ఫ్రీగా దొరికేది ఒకటి వేసుకున్నాను. వయొలిన్లు, సెల్లోలు (అడుగు స్వరాలు పలికే పెద్ద వయొలిన్లు), బాకాలు అన్నీ కలిపి 200 ఎంబీ. పెళ్లి వీడియో ఒక్కటి అంతకు పదింతలుంటుంది.

మొదటి తలనొప్పి వీడియోతోనే వచ్చింది. ఎడిటర్ పంపిన ఫైలు ప్లే చేస్తే బాగానే ఉంది. వెనక్కి ముందుకి జరిపితే మాత్రం బొమ్మ బిగుసుకుపోయి, రెండు సెకన్ల తర్వాత ఎక్కడో తేలుతుంది. మామూలుగా మనం పంపుకునే వీడియోల్లో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మ కాదు. ఒకటి పూర్తిగా ఉండి, దాని తర్వాతవి 'ముందుదానికీ నాకూ తేడా ఇంత' అని మాత్రమే చెప్తాయి. మధ్యలోకి దూకితే సాఫ్ట్‌వేర్ వెనక్కి వెళ్లి లెక్కలు కట్టుకుంటూ రావాలి. మ్యూజిక్ చేసేవాడి పనే మధ్యలోకి దూకడం. అందుకని బొమ్మ సైజు 720కి దించి, ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మగా ఉండేలా మార్చి పంపమన్నాను. ఫైలు సైజు బాగా పెరిగింది, బొమ్మ మాత్రం నేను మౌస్ ఆపిన చోట ఆగడం మొదలుపెట్టింది. టైమ్‌కోడ్, అంటే ఏ సెకనులో ఏ ఫ్రేమో చెప్పే అంకెలు కూడా బొమ్మ మీదే అచ్చు వేయించుకున్నాను. ప్రాజెక్టులో సెకనుకి 25 ఫ్రేములు, శబ్దానికి 48 కిలోహెర్ట్జ్ అని ముందే పెట్టుకున్నాను. పాటలకి 44.1 అలవాటు, వీడియోకి 48 వాడతారు.

తర్వాత డైరెక్టరూ నేనూ కూర్చుని ఎక్కడ మ్యూజిక్ మొదలవ్వాలి, ఎక్కడ ఆగాలి అని గుర్తులు పెట్టుకున్నాం. దీన్ని స్పాటింగ్ అంటారు. లెక్క చూస్తే 14 నిమిషాల సినిమాలో 12 నిమిషాలు మ్యూజిక్ ఉంది. ఇద్దరికీ అది ఎక్కువనిపించలేదు. వాడు ప్రతి గుర్తు దగ్గరా "ఈడ శివరంజని ఏసెయ్ మామా" అన్నాడు. షార్ట్ ఫిల్మ్ తీసే ప్రతివాడికీ తెలిసిన రాగం అదొక్కటే. ఎవరూ చచ్చిపోకముందే శివరంజని ఎందుకురా అంటే, "రొయ్యలు చచ్చిపోతాయి గదా" అన్నాడు.

అసలు కథ మూడో గుర్తు దగ్గర మొదలైంది. పెద్దాయన బీడీ వెలిగిస్తాడు, అక్కడ మ్యూజిక్ మొదలు. అక్కడినుంచి 43.2 సెకన్లకి కరెంటు పోతుంది. నేను వాయించింది 56 టెంపోలో, అంటే నిమిషానికి 56 బీట్లు. ఆ లెక్కన 43.2 సెకన్లకి 40.32 బీట్లు పడతాయి. నాలుగు బీట్లకి ఒక బారు. కరెంటు పోయేది పదకొండో బారు మొదటి దెబ్బ మీద పడాలంటే 40 బీట్లు సరిగ్గా 43.2 సెకన్లలో అయిపోవాలి. 40ని 60తో గుణించి 43.2తో భాగిస్తే 55.56. ఆ మాత్రం తేడా ఏ చెవికీ తెలియదు. ఇంత తేలికైన లెక్కకి సినిమావాళ్లు అంత డబ్బులెందుకు తీసుకుంటారో అనుకుంటూ టెంపో మార్చాను.

కరెంటు పోయే ఫ్రేము బీటుకి అవతలే ఉంది. 55 చేశాను. అక్కడే. 54. అక్కడే, వెంట్రుకవాసి కూడా కదల్లేదు. అర్ధరాత్రి దాటింది. లెక్క మళ్లీ కాగితం మీద వేశాను, కరెక్టుగానే ఉంది. దయ్యం పట్టిందేమో చూద్దామని ఏకంగా 48 చేసి ప్లే నొక్కాను. పెద్దాయన ఫుల్లుగా తాగినవాడిలా సాగదీసి మాట్లాడుతున్నాడు. అప్పుడు అర్థమైంది. నేను టెంపో తగ్గించినప్పుడల్లా వీడియో కూడా దాంతోపాటే సాగుతోంది. ప్రాజెక్టులో ప్రతి ముక్కనీ గడియారానికి కట్టాలా, బీట్లకి కట్టాలా అని ఒక సెట్టింగ్ ఉంటుంది. నా దాంట్లో బీట్లకి కట్టేసి ఉంది. పాటలు చేసుకునేవాడికి అది మంచిదే, టెంపో మారిస్తే అన్నీ కలిసి మారతాయి. సినిమాకి మాత్రం బొమ్మ గడియారానికే కట్టి ఉండాలి. వీడియోకి 'టైమ్' అని పెట్టి, ట్రాక్‌కి తాళం వేసి, 55.56 అని కొట్టాను. ఫ్రేము వచ్చి బీటు మీద కూర్చుంది. బొమ్మ మీదున్న టైమ్‌కోడ్‌నీ పైనున్న స్కేలునీ ఒక్కసారి పోల్చి చూసి ఉంటే మొదటి అయిదు నిమిషాల్లోనే దొరికిపోయేది. నేనే కదా పట్టుబట్టి టైమ్‌కోడ్ వేయించుకుంది.

సరే, బొమ్మ కుదిరింది. ఇప్పుడు స్వరం కుదరలేదు.

డి మైనర్‌లో వయొలిన్లూ సెల్లోలూ పరిచి పెట్టాను. విడిగా వింటే కమ్మగా ఉంది. సినిమా శబ్దంతో కలిపి వింటే ఎక్కడో పుల్లగా ఉంది. మన ఆర్కెస్ట్రాల్లో శ్రుతి పెట్టె పాతదై కాస్త జారినప్పుడు సింగర్ మొహం ఎలా పెడతాడో, నా మొహం అలా అయింది. ఫ్రీగా దొరికిన వాద్యాలు కదా, శ్రుతి సరిగ్గా లేవేమో అనుకున్నాను. వేరేవి పెట్టాను. అదే పులుపు. రెండు రాత్రులు వయొలిన్లని తిట్టాక, మూడో రాత్రి వాటన్నిటినీ మ్యూట్ చేసి, పెద్దాయన ఏమీ మాట్లాడని చోట సినిమా శబ్దం ఒక్కటే హెడ్‌ఫోన్స్‌లో విన్నాను. నీళ్లు కొడుతున్న జల్లు. దాని కింద సన్నగా, ఆగకుండా, ఒక 'గూం'.

ఏరియేటర్ మోటార్లు. షూటింగ్‌లో ఎవరికీ వినపడలేదు, ఎందుకంటే గుంట దగ్గర అది ఎప్పుడూ ఉండేదే. రీపర్‌లో రీట్యూన్ అని ఒకటుంది, వచ్చే శబ్దం ఏ స్వరమో చూపిస్తుంది. దాన్ని పెడితే ముల్లు జీ దగ్గర, కానీ జీ మీద కాకుండా 35 సెంట్లు పైన నిలబడింది. సెంట్లంటే మన పొలం సెంట్లు కాదు కానీ లెక్క అదే. ఎకరానికి 100 సెంట్లున్నట్టు ఒక స్వరస్థానానికీ పక్కదానికీ మధ్య 100 సెంట్లు. మన కరెంటు 50 హెర్ట్జ్. సెకనుకి 50 సార్లు అటూ ఇటూ మారుతుంది, మోటారులో ఇనుమేమో ప్రతిసారీ రెండుసార్లు అదురుతుంది, అందుకని వినపడేది 100. కీబోర్డు మీద కింది జీ 98. ఆ రెండిటికీ మధ్య తేడానే 35 సెంట్లు. జీని కచేరీ భాషలో అయిదు శ్రుతి అంటారు. అంటే ఇది అయిదు శ్రుతికి కాస్త పైన.

ఇంకో సంగతి తర్వాత తట్టింది. 2013 డిసెంబరు 31న దక్షిణాది గ్రిడ్‌ని మిగతా దేశపు గ్రిడ్‌తో కలిపారు. అప్పటినుంచి దేశమంతా ఒకే గ్రిడ్, ఒకే ఫ్రీక్వెన్సీ. 49.9కీ 50.05కీ మధ్యే ఉంచాలని నియమం. అంటే విడవలూరు గుంటలో మోటారూ, ఢిల్లీలో ఎవరింటి మీదో ట్యాంకుకి నీళ్లు ఎక్కించే మోటారూ ఇప్పుడు ఒకే శ్రుతిలో గూం అంటున్నాయి. ఇంత పెద్ద కోరస్‌కి ఎదురుగా నేను డి మైనర్ పట్టుకుని కూర్చున్నాను.

ముందు దాన్ని చంపేద్దామనే చూశాను. 50, 100, 150, 200, 300 దగ్గర ఈక్వలైజర్‌తో సన్నగా గాట్లు పెట్టాను. గూం పోయింది. పెద్దాయన గొంతులో దమ్ము కూడా పోయింది. మగవాడి గొంతు అడుగు ఉండేది కూడా ఆ 100, 150 దగ్గరే. డబ్బాలోంచి మాట్లాడుతున్నట్టు తయారయ్యాడు. ఎడిటర్ విని, నీ మ్యూజిక్ కోసం ఆయన గొంతు కోస్తావా అన్నాడు. నిజమే.

మోటారు నా దగ్గరికి రాదు, నేనే దాని దగ్గరికి పోవాలి. డి మైనర్ మొత్తం చెరిపేశాను. షడ్జమం జీ. ప్రతి వాద్యాన్నీ 35 సెంట్లు పైకి తోశాను. కీబోర్డులో అయితే 'ఏ' స్వరానికి 440 హెర్ట్జ్ ఉండే చోట 449 పెట్టాలి, అదే లెక్క. మొదట ఒక్క సెల్లో, జీ మీద, చాలా నెమ్మదిగా లోపలికి వచ్చేలా పెట్టాను. ప్లే నొక్కి విన్నాను. సెల్లో వినపడలేదు. వాల్యూమ్ చూస్తే మీటరు ఆడుతోంది. అది మోటారులో కలిసిపోయింది. మోటారే ఇంకాస్త దగ్గరికి వచ్చి కూర్చున్నట్టు ఉంది, అంతే. అప్పుడు పైన పంచమం, దాని మీద ఒక ఋషభం. గుంట గట్టు మీద గాలి బరువెక్కినట్టయింది. అప్పటిదాకా నేను చేసినవన్నీ సినిమా మీద వాయించినవి. ఇది లోపలినుంచి వచ్చింది. ఆ రాత్రి ఒంటరిగా గదిలో కూర్చుని ఆ 43 సెకన్లు ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. కింద ఇంటివాళ్లు పొద్దున, "రాత్రంతా మీ గదిలో మోటారు ఏసుంచినారా?" అని అడిగారు. నా జీవితంలో నాకొచ్చిన మంచి రివ్యూల్లో అదొకటి.

కరెంటు పోయే క్షణం మాత్రం డైరెక్టర్ కోరినట్టే చేశాను. పెద్ద దెబ్బ. డప్పులు, బాకాలు, కింద ఒక బాంబులాంటిది. సినిమా హాల్లో గుండె అదరాలన్నాడు. ఆ ఆదివారం బాబాయి నెల్లూరొస్తే కూర్చోబెట్టి చూపించాం. దెబ్బ పడింది. బాబాయి ఉలిక్కిపడి,

"అదేంది? ట్రాన్స్‌ఫార్మర్ పేలిందా?"

"లేదు బాబాయ్, కరెంటు పోయింది."

"కరెంటు పోతే అట్టెందుకు మోగద్ది అబ్బయ్యా? కరెంటు పోతే ఏమీ వినపడదు. గట్టు మీద పడుకుని ఉంటాం గదా, మోటారు ఆడతా ఉన్నంతసేపూ నిద్దర పడతాది. అది ఆగిందంటే టక్కున మెలకువొచ్చేస్తాది. మాకు భయం ఏసేది సప్పుడికి కాదు."

డైరెక్టర్ నా మొహం చూశాడు. నేను దెబ్బ ట్రాక్‌ని మ్యూట్ చేశాను. సెల్లోలని కూడా సరిగ్గా ఆ ఫ్రేము దగ్గర కోసేశాను. ఇక్కడ ఒక చిన్న సంగతి ఉంది. కరెంటు పోగానే ముందు ఆగేది గూం. రెక్కలు ఇంకో రెండు మూడు చుట్లు తిరిగి, నీళ్లు చప్ చప్ మని, అప్పుడు ఆగుతాయి. మొదట నేను సెల్లోని రెక్కలతో పాటు మెల్లగా తగ్గించాను. అలా చేస్తే అది మ్యూజిక్ అని తెలిసిపోతోంది. గూంతో పాటు ఠక్కున కోస్తే, ఏదో పోయిందని ఒంటికి తెలుస్తుంది, ఏం పోయిందో తెలిసేలోపు రెక్కల చప్పుడు కూడా పోతుంది. తర్వాత కప్పలు. ఆ తర్వాత రెండు నిమిషాల పది సెకన్లు సినిమాలో మ్యూజిక్ లేదు. నా వేళ్లు ఎంత పీకాయో నాకే తెలుసు. మా ఓనరు గుడ్లురుముతూ కనపడ్డాడు.

12 నిమిషాల మ్యూజిక్ అలా తగ్గుతూ తగ్గుతూ 5 నిమిషాల 10 సెకన్లకి వచ్చింది. శివరంజని పోయింది. పెద్దాయన కూతురికి ఫోన్ చేసే చోట పియానో పెట్టుకున్నాను, చాలా ఇష్టంగా. అదీ పోయింది. ఆ మాటల కింద ఏది పెట్టినా ఆయన మాటని మనం వివరిస్తున్నట్టు ఉంది.

ఇక్కడ ఎడిటర్ గురించి కాస్త చెప్పాలి. మంచివాడే కానీ 'లాక్' అనే మాటకి అర్థం తెలియదు. పిక్చర్ లాక్ అయింది, ఇక ఒక్క ఫ్రేము కదలదు అన్నాకే నేను మొదలుపెట్టాను. రెండు వారాల తర్వాత, చెప్పకుండా, మొదటి సీనులో సైకిల్ వచ్చే షాట్ నాలుగు సెకన్లు కోశాడు. దాని వెనకున్నవన్నీ నాలుగు సెకన్లు జరిగాయి. సాఫ్ట్‌వేర్‌లో అది పెద్ద పనేం కాదు, మొత్తం పట్టుకుని ముందుకి లాగడమే. ఒకే క్యూ, అంటే ఒకే మ్యూజిక్ ముక్క, ఆ కోతకి అటూ ఇటూ పరుచుకుని ఉంటే మాత్రం తిరగరాయాల్సిందే. నాది ఒకటి అలాగే ఉంది. దానికన్నా ముందు ఇంకో గొడవ. నేను ముక్కలు ముక్కలుగా వేవ్ ఫైళ్లు పంపాను. ఎడిటర్ కంటితో చూసి అంచనాగా పెట్టుకున్నాడు. చూస్తే గూం ఆగాక ఆరు ఫ్రేములకి నా సెల్లో ఆగుతోంది. 25 ఫ్రేములకి ఒక సెకను, ఆరంటే పావు సెకనే. కానీ అంత కష్టపడి దాచిన దొంగ ఆ పావు సెకనులో దొరికిపోయాడు. తర్వాత తెలుసుకుని, ప్రతి ఫైలూ ఒకే చోటినుంచి మొదలయ్యేలా, సినిమా మొదటి ఫ్రేముకి సరిగ్గా రెండు సెకన్ల ముందు ఒక్క ఫ్రేము పొడవు 'బీప్' పెట్టి పంపాను. వీడియోలో కూడా అదే చోట బీప్ ఉంటుంది. రెండు బీప్‌లూ ఒకదాని మీద ఒకటి కూర్చోబెడితే వాదన లేదు. సినిమావాళ్లు దీన్ని టూ పాప్ అంటారట. తీగవాద్యాలు వేరు, కింది గూం వేరు, గొంతు వేరుగా మూడు ఫైళ్లు ఇచ్చాను, ఫైనల్ మిక్స్‌లో దేన్నైనా విడిగా తగ్గించుకోడానికి.

గొంతు అన్నాను కదా, దానికి ముందు జనరేటర్ సంగతి.

కథలో చివరికి జనరేటర్ స్టార్టవుతుంది, ఏరియేటర్లు తిరుగుతాయి, తెల్లారుతుంది. అక్కడ మళ్లీ నా సెల్లో రావాలి. అదే జీ, అదే 35 సెంట్లు. పెట్టాను. పులుపు! మళ్లీ అదే పులుపు. ఈసారి వయొలిన్లని తిట్టకుండా నేరుగా ట్యూనర్ పెట్టాను. ముల్లు జీ షార్ప్ దగ్గరుంది, దానికి 14 సెంట్లు కింద. అంటే 103 హెర్ట్జ్. ఆ సీను నిజంగానే జనరేటర్ మీద తీశారు. డీజిల్ జనరేటర్‌కి లోడు తక్కువుంటే కాస్త వేగంగా తిరుగుతుంది, లోడు పెరిగేకొద్దీ దిగుతుంది. ఆ రాత్రి షూటింగ్ కోసం రెండే ఏరియేటర్లు వేశారు, అందుకని 51.5 హెర్ట్జ్ మీద నడిచింది. గ్రిడ్ మీద పాడిన మోటారు జనరేటర్ మీద 51 సెంట్లు పైకి ఎక్కి పాడుతోంది. సుమారు అర స్వరస్థానం. బాబాయికి ఫోన్ చేసి చెప్తే ఆయనేం ఆశ్చర్యపోలేదు. "జనరేటర్ మీద గొంతు మారద్ది అబ్బయ్యా. మళ్లా దిగిందంటే లైను కరెంటు వొచ్చినట్టు. దాన్ని బట్టే లేచి డీజిల్ ఆపేస్తాం."

నేను రెండు రాత్రులు ట్యూనర్‌తో కనుక్కున్నది ఆయనకి నిద్రలోనే తెలుసు.

చివరి సీను మొత్తం జీ షార్ప్‌కి 14 సెంట్లు కిందికి మార్చాను. ఆ సీను అంతకుముందు వాటికంటే అర స్వరస్థానం పైన ఉంటుంది. ఎవరూ పట్టుకోలేదు. చూసినవాళ్లు కొందరు చివర్లో ఏదో తేలిగ్గా అనిపించిందన్నారు. నేనూ వాళ్లకి కారణం చెప్పలేదు.

అన్నీ అయ్యాయనుకుని డైరెక్టర్ ఇంట్లో పది మందిని పిలిచి చూశాం. టీవీ స్పీకర్లు బాలేదని ఎవరో చిన్న బ్లూటూత్ స్పీకర్ తెచ్చి తగిలించారు. బీడీ వెలిగించాడు. నా మ్యూజిక్ లేదు. అసలు లేదు. పైన వేసిన తీగవాద్యాలు గాలికి పోయాయి, కింద గూం కూడా పోయింది. కరెంటు పోయినప్పుడు ఏమీ మారలేదు, ఎందుకంటే అంతకుముందూ ఏమీ వినపడలేదు. పది మందీ మర్యాదగా బాగుందన్నారు. నాకు చెమటలు.

రెండు తప్పులు, రెండూ నావే. హెడ్‌ఫోన్స్‌లో గొప్పగా విచ్చుకోవాలని తీగవాద్యాలకి వెడల్పు పెంచే ప్లగిన్ వేశాను. అది చేసేది ఏమిటంటే ఎడమ వైపున్నదాన్ని తిరగేసి కుడి వైపు కలపడం. ఒకే స్పీకర్‌లో రెండూ కలిస్తే ఒకదాన్నొకటి కొట్టేసుకుని సున్నా. రెండోది, అరచేతిలో పట్టే స్పీకర్, ఫోను, ఇవి 100 హెర్ట్జ్‌ని సరిగ్గా మోయలేవు. నా సెల్లో మొత్తం అక్కడే ఉంది. వెడల్పు ప్లగిన్ పీకేశాను. సెల్లోకి కొంచెం సాచురేషన్ పెట్టాను, అంటే స్వరాన్ని కాస్త గరుకు చెయ్యడం. దాంతో 200, 300, 400 దగ్గర దాని పిల్లలు పుడతాయి. చిన్న స్పీకర్ ఆ పిల్లల్ని వినిపిస్తే చాలు, అడుగున ఉండాల్సిన తల్లిని మన చెవే ఊహించుకుంటుంది. ఇది కిటుకేం కాదు, చెవి తీరే అంత. ఆ రోజు నుంచి ఏ మిక్స్ అయినా ముందు మోనోలో, అంటే ఎడమ కుడి కలిపేసి, నా పాత ఫోన్‌లో విన్నాకే పంపుతున్నాను. యూట్యూబ్‌లో ఎలాగూ మైనస్ 14 లఫ్స్ (శబ్దం గట్టిదనానికి కొలత) కంటే గట్టిగా ఉన్నదాన్ని వాళ్లే తగ్గిస్తారు కాబట్టి, గట్టిదనం కోసం పాకులాడటం కూడా మానేశాను.

ఇక గొంతు. మొదటిసారి గుంట దగ్గరికి వెళ్లింది ఒట్టి మోటారు శబ్దం ఒక నిమిషం పట్టుకుందామని. ఫోను గట్టు మీద పెట్టి దూరంగా కూర్చున్నాను. పిన్ని షెడ్డు ముందు కూర్చుని చేపలు తోముతూ ఏదో కూనిరాగం తీస్తోంది. పాట కాదు, మాటల్లేవు. ఊ... ఊ... అంటూ పైకి పోవడం, దిగడం. నా ఒట్టి మోటారు శబ్దం పాడయిందని విసుక్కున్నాను. ఇంటికొచ్చి విన్నాక, ఊరికే ట్యూనర్ పెట్టాను. ఆమె దిగి నిలబడిన చోటల్లా జీ, 30 నుంచి 40 సెంట్లు పైన. రోజూ ఆ మోటారు పక్కనే పనిచేసే మనిషి. ఎవరూ శ్రుతి ఇవ్వలేదు, గొంతు వెళ్లి దాని మీదే వాలింది. మాకు స్టేజి మీద శ్రుతి పెట్టె చెవి పక్కన పెట్టినా వాలని సింగర్లున్నారు, పేర్లు వద్దు.

ఆ గొంతు చివరి సీనులో తెల్లారే చోట పెట్టాలని అప్పుడే అనుకున్నాను. తీరా అక్కడ శ్రుతి 51 సెంట్లు పైన. సాఫ్ట్‌వేర్‌లో పైకి తోశాను. తోస్తే శ్రుతి కలిసింది, కానీ వెనకున్న మోటారు, నీళ్లు, చేపల రాపిడి అన్నీ కలిసి పైకి వచ్చాయి. పిన్ని గొంతు ముక్కులోంచి వస్తున్నట్టు పలచబడింది. నాలుగు రకాల పద్ధతులు మార్చి చూశాను. ప్రతిదాంట్లో ఎవరో పిన్నిలాంటి మనిషి పాడుతోంది, పిన్ని కాదు.

దాంతో పొద్దున్నే విడవలూరు బస్సెక్కాను. సంగతి చెప్పి, ఒక పది నిమిషాలు జనరేటర్ మీద రెండు ఏరియేటర్లు తిప్పమన్నాను. కరెంటు ఉంది, శుభ్రంగా ఉంది. బాబాయి ఏమీ అనలేదు, జనరేటర్ దగ్గరికి నడిచాడు. పిన్ని మాత్రం నన్ను ఎగాదిగా చూసింది.

"నా కూనిరాగానికి డీజిల్ కాలుస్తావా నాయనా?"

"పది నిమిషాలే పిన్నీ. నువ్వు నీ పని చేసుకో, నన్ను చూడబాక."

చూడబాక అంటే ఎలా కుదురుతుంది. మొదటి అయిదు నిమిషాలు గొంతు సవరించుకుంటూ, చెంగు సర్దుకుంటూ, సినిమాలో పాడినట్టు ఏదో భక్తి పాట ఎత్తుకుంది. రికార్డు ఆపేసినట్టు నటించి, ఫోను బోర్లా పెట్టి, బాబాయితో రొయ్యల రేటు మాట్లాడటం మొదలుపెట్టాను. నలభై కౌంటు, అంటే కిలోకి నలభై తూగేది, ఎంతుంది, పట్టుబడి ఎప్పుడు అని. పిన్ని తట్ట దగ్గరికి జరుపుకుని చేపల పనిలో పడింది. కాసేపటికి ఊ... అని మొదలైంది.

అక్కడే ఇయర్‌ఫోన్ పెట్టుకుని, ఫోన్‌లో వేసుకున్న ట్యూనర్ యాప్ తెరిచాను. జీ షార్ప్, 12 సెంట్లు కింద.

జనరేటర్ ఆపేశాక బాబాయి కర్ర ముంచి ట్యాంకులో మట్టం చూసుకున్నాడు. డైరెక్టర్ నాకు 6 వేలూ ఇచ్చాడు, పైన మూడు కిలోల రొయ్యలు బాబాయి పంపాడు. డీజిల్ డబ్బులు మాత్రం ఇంకా రాలేదు. పిన్ని కనపడ్డప్పుడల్లా అడుగుతూనే ఉంది.